మెషిన్ ఉంది, స్పెక్ట్రో లేదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన 'మనసును చదివే యంత్రం' వార్త గురించి ఈ ఉత్తరం. ఎం.ఆర్.ఐ. మెషిన్‌తోనే మెదడులోని రసాయనాలను కొలిచే ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ అనే పరీక్షను మీరు మనసును చదివే సరికొత్త ఆవిష్కరణగా రాశారు. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గేలా లేదని ఇక రాస్తున్నాను.

ముందు బొమ్మ సంగతి. ఎం.ఆర్.ఐ. గురించి వార్త రాసి సీటీ స్కానర్ ఫొటో వేశారు. పోనీ అనుకుంటే లోపల 'ఎం.ఆర్.ఐ. రేడియేషన్' అని రెండు చోట్ల రాశారు. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే ఉండదండీ. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. మీ వార్త చదివించుకుని మా వీధిలో ఒక పెద్దమ్మ, డాక్టర్ రాసిన వెన్ను స్కాన్ చేయించుకోనని భీష్మించుకు కూర్చుంది. ఆమెకు నచ్చజెప్పేసరికి ఆమె కొడుక్కీ నాకూ తల ప్రాణం తోకకొచ్చింది. పత్రికలో అచ్చయిందంటే నిజమేనని నమ్మే తరం ఇంకా మా ఊళ్లలో మిగిలి ఉంది. వాళ్ల మీదైనా కాస్త దయ ఉంచండి.

ఇక 'సరికొత్త ఆవిష్కరణ' అన్న మాట. దీనికి మూలమైన అయస్కాంత అనునాదానికి (మాగ్నెటిక్ రెజొనెన్స్‌కు) ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్‌లకు 1952లోనే నోబెల్ వచ్చింది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి, ఇది కూడా తెలియకపోతే ఎట్లా? ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ ఆసుపత్రులకు చేరి కూడా దశాబ్దాలు దాటింది. అది మనసును చదవదు. మీ ఆలోచనలు, అప్పులు, ఎవరి మీద ఏ కోపం ఉందో దానికి అక్కర్లేదు. మెదడులో మనం ఎంచుకున్న చోట ఒక చిన్న పెట్టెలాంటి గడి పెట్టి, అందులో ఏ రసాయనం ఏ పాటి ఉందో గీతగా గీసి చూపిస్తుంది. సూదీ కోతా ఏవీ లేవు. నీళ్ల సిగ్నల్ మిగతా అన్నిటికన్నా వేల రెట్లు పెద్దది కాబట్టి ముందు దాన్ని అణచాలి. గడి పుర్రె ఎముక పక్కకు జరిగితే నెత్తి చర్మం కింది కొవ్వు కలిసి లెక్క చెడుతుంది. అందుకే దీనికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. ఆ మాట మీ వార్తలో ఎక్కడా లేదు.

మా మేనల్లుడికి ఫిట్స్ వచ్చినప్పుడు ఈ గీత నేను దగ్గరగా చూశాను. స్కాన్‌లో ఉంగరంలాంటి మచ్చ కనపడింది. టీబీ గడ్డా, పురుగు తిత్తా, లేక ట్యూమరా? తేల్చుకోవడానికి డాక్టర్ ఈ స్పెక్ట్రోస్కోపీ, వాడుకలో స్పెక్ట్రో, రాశారు. మా జిల్లాలోనే ఒక స్కానింగ్ సెంటర్‌కు పోతే, "మెషిన్ ఉంది సార్, స్పెక్ట్రో లేదు, హైదరాబాద్ పోండి" అన్నారు. మెషిన్ అయస్కాంత బలం 1.5 టెస్లా, లోపం దానిది కాదు. దాని కోసం విడిగా డబ్బు కట్టి తీసుకోవలసిన సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు, చదివి చెప్పే మనిషీ లేడు. టీవీ కొని డిష్ కనెక్షన్ పెట్టించుకోకపోవడమన్న మాట. ఫిట్స్ వచ్చే పిల్లవాణ్ణి కారులో పడుకోబెట్టుకుని హైవే మీద పోయే టెన్షన్ ఏమిటో ఆ మెషిన్‌కు రిబ్బన్ కత్తిరించిన పెద్దలకు తెలియదు.

హైదరాబాద్‌లో డాక్టర్ మాకు ఓపిగ్గా చూపించారు. మచ్చ లేని వైపు గీత మీద పెన్ను అడ్డంగా పెట్టారు. కోలిన్, క్రియాటిన్, ఎన్.ఏ.ఏ. అనే రసాయనాల శిఖరాల కొసలను తాకుతూ పెన్ను ఎడమ నుంచి కుడికి పైకి లేచింది. ఎన్.ఏ.ఏ. అంటే నరాల కణాలు బతికి ఉన్నాయని చెప్పే రసాయనం, గీత కింది స్కేలు మీద 2.0 అంకె దగ్గర అన్నిటికన్నా ఎత్తుగా నిలబడాలి. మచ్చ ఉన్న వైపు పెన్ను పెడితే ఆనడానికి ఆ శిఖరమే లేదు, 1.3 దగ్గర మాత్రం కొవ్వు దిబ్బలా లేచింది. టీబీ గడ్డ వైపే మొగ్గు అన్నారు. మిగతా పరీక్షలూ అదే చెప్పాయి. తలకు కోత పడకుండా మందులతో గడిచింది. మీరు రాయాల్సిన వార్త ఇది కాదా?

హర్యానాలోని మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడ ప్రవత్ మండల్ గారి బృందం అల్జీమర్స్ రోగుల మెదడులో కణాలను కాపాడే గ్లుటాథయోన్ అనే రసాయనం తగ్గడాన్ని ఈ పద్ధతితోనే కొలిచింది. మన దేశంలో జరిగిన పని అది. మీ వార్తలో దాని ఊసు లేదు, విదేశీ ముచ్చట్లు మాత్రం రెండు కాలమ్‌లు.

అసలు మా కడుపుమంట వేరే ఉంది. నల్లగొండ జిల్లా పేరు చెబితే ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు వంగిన నడుములను ఫొటోలు తీసుకుని పోయిన వాళ్లకు లెక్కే లేదు. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ముదిరితే ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతుందని, కాళ్లు చచ్చుబడతాయని న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారి వంటి వాళ్లు ఏనాడో రాశారు. మరి మెదడు మాటేమిటి? నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల ఐక్యూ తగ్గడానికీ దానికీ సంబంధం ఉందని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో 'మధ్యస్థ నమ్మకం'తో తేల్చింది. మా బోరు నీళ్లలో అంతకన్నా ఎంతో ఎక్కువ ఉండేది. అవే తాగి పెరిగిన వాళ్లు ఇవాళ నలభైలు, యాభైలు దాటి ఉన్నారు. భగీరథ నల్లా వచ్చింది, మంచిదే, కాదనను. నల్లా రాకముందు తాగినదాని సంగతి ఎవరు చూస్తారు? ఫ్లోరైడ్ పోయిందని ప్రకటించి ఫైలు మూసేస్తే ఒంట్లోంచి కూడా పోతుందా?

ఎలక్షన్లప్పుడు మాత్రం మునుగోడు ఫ్లోరైడ్ అందరికీ గుర్తొస్తుంది. ఆ సీజన్‌లో మా ఊళ్లకు వచ్చే కార్లను చూస్తే పెద్ద రీసెర్చ్ సెంటరేదో పెడుతున్నారేమో అనిపిస్తుంది.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సర్కారు ఆసుపత్రుల్లో ఎం.ఆర్.ఐ. ఎక్కడెక్కడ ఉంది, ఎందులో స్పెక్ట్రోస్కోపీ పని చేస్తోంది, చదివి చెప్పే రేడియాలజిస్టు పోస్టులు ఎన్ని ఖాళీ? ఫ్లోరైడ్ ఊళ్లలో ఆ నీళ్లు తాగి పెరిగిన వాళ్లను, పక్కనే మంచి నీళ్లు తాగిన ఊళ్ల వాళ్లను పిలిచి, ఒప్పుకున్న వాళ్లకు ఈ పరీక్ష చేసి పోల్చే ఆలోచన ఏ మెడికల్ కాలేజీకైనా ఉందా? మీ విలేకరిని పంపి వైద్య ఆరోగ్య శాఖ వాళ్లను ఇవి అడిగించండి. వాళ్లు చెప్పిన జవాబు, చెప్పకపోతే చెప్పలేదన్న మాట, జిల్లా ఎడిషన్‌లో మూలకు తోసేయకుండా మెయిన్ పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
మునుగోడు ప్రాంతం, నల్లగొండ జిల్లా