2025 వార్షిక నివేదిక: ఓటరు చైతన్య విభాగం నుంచి సర్వసభ్య సమావేశానికి

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

టెక్సస్‌లోని మన తెలుగు సంఘం నియమావళి ప్రకారం ఏటా సంక్రాంతి తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో ప్రతి విభాగమూ తన పని గురించి చెప్పుకోవాలి. సభ్యులను ఓటర్లుగా నమోదు చేయించడానికి, ఎన్నికల సంగతులు వివరించడానికి ఈ విభాగం పెట్టుకున్నామని మీకు తెలుసు. పోయిన సంక్రాంతికి చాలామంది నన్ను ఆపి, "ఈ ఏడాది ప్రెసిడెంట్ ఎన్నిక లేదుగా, మీకు రెస్టే" అన్నారు. ఇంటి పన్ను, స్కూలు బోర్డు, సిటీ కౌన్సిల్, చివరికి రాష్ట్ర రాజ్యాంగం కూడా బ్యాలెట్ మీదికి వచ్చింది ఆ 2025లోనే. వాషింగ్టన్ రాజకీయాల మీద మన వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్ళలో ఎంతమంది మే నెల స్థానిక ఎన్నికల్లో ఓటు వేశారో నేను అడగను. వాళ్ళే చెప్పుకోవాలి.

ఓటరు నమోదు

టెక్సస్‌లో కొత్త ఓటరు మామూలుగా ఆన్‌లైన్‌లో నమోదు కాలేడు. కాగితం ఫారం నింపి సంతకం పెట్టి పోస్టులో పంపాలి, లేదా ఫారాలు తీసుకోవడానికి అధికారికంగా నియమితుడైన వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్ చేతికి ఇవ్వాలి. ఆ రిజిస్ట్రార్లు మన వాలంటీర్లే. సరి సంఖ్య ఏడాది డిసెంబరు 31తో వాళ్ళ నియామకం గడువు తీరిపోతుంది. అంటే 2024లో కష్టపడిన మన బృందమంతా 2025 జనవరి 1 నాటికి మళ్ళీ మామూలు మనుషులైపోయారు. అందరూ మళ్ళీ శిక్షణ తీసుకోవాల్సి వచ్చింది. తీసుకున్నవాళ్ళకు ధన్యవాదాలు. "వచ్చే వారం" అంటూ ఏడాది గడిపినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియదు.

దీనికి తోడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) గొడవ ఒకటి. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఓటరు ఏ కౌంటీలో ఉంటే రిజిస్ట్రార్‌కు ఆ కౌంటీ నియామకం ఉండాలి. తీసుకున్న ఫారం అయిదు రోజుల్లోగా అప్పగించాలి, ఆలస్యం చేస్తే చట్టప్రకారం తప్పు. అందుకే మన టేబుల్ దగ్గర ముందుగా అడిగే ప్రశ్న పేరు కాదు, ఇంటి అడ్రసు. ఖాళీ ఫారాల కోసం ఒక ఆఫీసు మనవాళ్ళను పదే పదే తిప్పించుకుంది, ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి మన ఉపాధ్యక్షులు గారు ఆఫీసు పని మానుకుని వెళ్ళి కూర్చుంటే గానీ ఒక పెట్టె ఇవ్వలేదు.

ఉగాది మార్చి 30న వచ్చింది, మే 3 ఎన్నికలకు నమోదు గడువు ఏప్రిల్ 3. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదని ఉగాది పచ్చడి పక్కనే టేబుల్ వేశాం. బాగా నడిచింది. బతుకమ్మకూ అలాగే అనుకున్నాం, ఎందుకంటే నవంబరు ఎన్నికల గడువు అక్టోబరు 6. షిఫ్టుల జాబితాలో పేర్లు నిండుగా ఉన్నాయి, మనుషులు మాత్రం సగం కూడా రాలేదు. వచ్చిన కొద్దిమందీ బతుకమ్మ ఆడకుండా సాయంత్రమంతా ఫారాలు నింపించారు. వాళ్ళలో ఇద్దరు పట్టుచీరలు కట్టుకుని వచ్చిన అమ్మాయిలు. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే అన్యాయం.

టేబుల్ దగ్గర ఎక్కువగా వినిపించిన ప్రశ్న: "ఏ పార్టీ అని రాయాలండీ?" ఏదీ రాయక్కర్లేదు, ఆ ఫారంలో పార్టీ గడే లేదు. టెక్సస్‌లో ఓటరు పార్టీలో నమోదు కాడు. ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రోజున ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే ఆ ఏడాదికి ఆ పార్టీ కిందే లెక్క. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసి, ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే మేలో మళ్ళీ జరిగే రన్‌ఆఫ్‌లో రెండో పార్టీ బ్యాలెట్ అడగడం కుదరదు. నవంబరులో మాత్రం ఎవరికి కావాలంటే వాళ్ళకు వేసుకోవచ్చు. మార్చి నాకెందుకు అనేవాళ్ళకు ఒక మాట. ఈ రాష్ట్రంలో రాష్ట్రవ్యాప్త పదవికి డెమొక్రటిక్ అభ్యర్థి గెలిచి 1994 తర్వాత ఇప్పటిదాకా లేదు. కాబట్టి చాలా పదవులకు అసలు పోటీ ప్రైమరీలోనే అయిపోతోంది. మీరు ఏ పార్టీ వైపు ఉన్నా ఈ లెక్క ఒకటే.

రెండో ప్రశ్న హెచ్‌1బీ, గ్రీన్ కార్డు వాళ్ళది. దీని మీద మేం కఠినంగానే ఉన్నాం. పౌరసత్వం లేనివాళ్ళు ఫారం ముట్టుకోవద్దు, సరదాకి కూడా నింపవద్దు. రేపు పౌరసత్వానికి ఎన్‌-400 వేసినప్పుడు "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా" అని అడుగుతారు. ఇక్కడ పొరపాటున పెట్టిన ఒక్క సంతకం అక్కడ దరఖాస్తునే కాదు, ఈ దేశంలో ఉండడాన్నే ప్రమాదంలో పడేస్తుంది. డెప్యూటీ రిజిస్ట్రార్‌గా కూడా పౌరులే ఉండాలి. పౌరులు కాని సభ్యులు కుర్చీలు మోశారు, పిల్లల్ని చూసుకున్నారు, టీ పంచారు. నిజం చెప్పాలంటే ఈ ఏడాది మాకు ఎక్కువ సాయం చేసింది ఓటు లేని ఈ సభ్యులే.

పేర్ల తంటా ఎప్పటిలాగే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డ్రైవింగ్ లైసెన్సులో ఒక్క అక్షరం, ఓటరు జాబితాలో ముందుది వెనక్కి. భయపడకండి. రెండు పేర్లూ దాదాపు ఒకేలా ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, పోలింగ్ దగ్గర ఒక చిన్న సంతకం అడుగుతారు, అంతే. ఇల్లు మారి అడ్రసు మార్చని వాళ్ళకే అసలు ఇబ్బంది. ఓటరు కార్డు తిరిగి వెళ్ళిపోతే పేరు సస్పెన్స్ జాబితాలో (అడ్రసు తేలని ఓటర్ల జాబితా) పడుతుంది. మన వాళ్ళు ఇళ్ళు మారినంత తరచుగా ఇంకెవరూ మారరేమో, దయచేసి చూసుకోండి.

అక్టోబరు సభ

ఈ ఏడాది మా విభాగం గర్వంగా చెప్పుకోగలిగినది ఇదే, కాస్త వివరంగా రాస్తున్నాను.

నవంబరు 4న టెక్సస్ ఓటర్ల ముందుకు 17 రాజ్యాంగ సవరణలు వచ్చాయి. ఈ రాష్ట్ర రాజ్యాంగం 1876 నాటిది, ఇప్పటికి 500 సార్లకు పైగా సవరించారు. చట్టసభ రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకున్నాక ప్రజలు ఓటు వేయాలి. బ్యాలెట్ మీద ఉండే వాక్యాలు చదివితే లాయర్లకు కూడా తలనొప్పి వస్తుంది. అందుకే 17 సవరణలనూ తెలుగులో రాసి, ఒక్కోదానికీ అనుకూలంగా రెండు మాటలు, వ్యతిరేకంగా రెండు మాటలు పెట్టి ఒక కరపత్రం వేశాం. తర్వాత ఒక శనివారం సాయంత్రం హాలు తీసుకుని సభ పెట్టాం.

మొదట వేసిన పోస్టర్ మీద "రాజ్యాంగ సవరణలపై అవగాహన సదస్సు" అని రాసి ఉంది. ఎవరూ పేరివ్వలేదు. మన సాంస్కృతిక కార్యదర్శి గారు దాన్ని "మీ ఇంటి టాక్స్ తగ్గుతుందా?" అని మార్చారు. ఆ రోజు వెనక నిలబడ్డవాళ్ళకు కుర్చీలు తేవడానికి పక్క గది తాళం తీయించాల్సి వచ్చింది.

జనం వచ్చింది 11, 13 నంబర్ల కోసం. స్కూలు పన్ను లెక్కలో సొంత ఇంటి విలువలోంచి తీసేసే హోమ్‌స్టెడ్ మినహాయింపును లక్ష డాలర్ల నుంచి 1,40,000కు పెంచేది 13వది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, వైకల్యం ఉన్నవాళ్ళకు దానిపైన ఇచ్చే మినహాయింపును 10,000 నుంచి 60,000కు పెంచేది 11వది. ఒక పెద్దాయన లేచి, "ఇల్లు మా అబ్బాయి పేరు మీద ఉంది, వయసు నాది. నాకు వర్తిస్తుందా?" అన్నారు. ఇంటి యజమానికి, అదీ ఆ ఇంట్లో ఉంటున్న యజమానికే అని చెప్పగానే హాల్లో సగం మంది పిల్లల వైపు తిరిగి చూశారు. పన్ను తగ్గితే స్కూళ్ళకు డబ్బు ఎక్కడిదని ఒక టీచరమ్మ అడిగారు. ఆ లోటు రాష్ట్ర ఖజానా భరించాలని మా వక్త చెప్పారు, ఆవిడకు తృప్తి కలగలేదు. అరగంట ఆ ఒక్క విషయమే నడిచింది. నిర్వాహకులుగా మాకు టెన్షన్, చూసేవాళ్ళకు పండగ.

మూడోది, కొన్ని తీవ్ర నేరాల్లో నిందితులకు కొన్ని పరిస్థితుల్లో బెయిల్ నిరాకరించి తీరాలనడం గురించి. దాని మీద పిల్లలే ఎక్కువ మాట్లాడారు. హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి నేరం రుజువు కాని మనిషి గురించి వేసిన ప్రశ్నకు పెద్దవాళ్ళ దగ్గర వెంటనే జవాబు లేదు. పదహారోది, పౌరులు కానివాళ్ళు ఓటు వేయకూడదని రాజ్యాంగంలోనే రాయడం. మా గురించే కదా, ఇప్పటికే ఓటు లేదు కదా అని గ్రీన్ కార్డు సభ్యులు కొందరు నొచ్చుకున్నారు. స్పష్టంగా రాస్తే తప్పేంటని మరికొందరు. రెండు వైపులా మాట్లాడనిచ్చాం, కొట్టుకోలేదు. నీటి నిధి గురించిన నాలుగోదానికి వచ్చేసరికి పులిహోర అయిపోయిందని కబురొచ్చింది, మిగిలినవి వేగంగా ముగించాం.

నవంబరులో 17 సవరణలూ నెగ్గాయి. మా కరపత్రం వల్ల కాదని నాకూ తెలుసు. కానీ ముందస్తు ఓటింగ్ మొదలైన అక్టోబరు 20నే దీపావళి. లక్ష్మీపూజకు ముందు ఆ కరపత్రం మడిచి పట్టుకుని అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్ళి ఓటు వేసివచ్చామని అనేక కుటుంబాలు గ్రూపులో రాశాయి. పోలింగ్ గదికి 100 అడుగుల లోపల ఫోన్ వాడకూడదని ముందే చెప్పాం కాబట్టి ఆ సెల్ఫీలన్నీ పార్కింగ్‌లోనే దిగారు. కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ లాంటి చోట్ల నమూనా బ్యాలెట్లు తెలుగులో ప్రభుత్వమే ఇస్తుంది. మనకు ఆ వసతి లేదు. చదవలేనివాళ్ళు తమ వెంట నచ్చిన మనిషిని సాయానికి తీసుకెళ్ళే హక్కు మాత్రం 1982 నుంచి దేశమంతటా ఉంది, పనిచ్చే యజమానీ యూనియన్ ప్రతినిధీ కాకుండా ఎవరైనా సరే.

శాలువాల సంగతి

మేలో ఎన్నికలున్నాయనగా ఉగాది వేదిక మీద ఒక అభ్యర్థికి శాలువా కప్పి అయిదు నిమిషాలు మైకు ఇవ్వమని ఒత్తిడి వచ్చింది. ఇవ్వలేదు. మనది 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ. ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు. ఈ నిబంధన 1954 నుంచి ఉంది, కార్యవర్గం నిన్న కనిపెట్టింది కాదు. అందరినీ పిలిచి అందరికీ సమానంగా సమయమిస్తే చర్చావేదిక, ఒక్కరికే శాలువా కప్పితే ప్రచారం. అలిగి ఒకరిద్దరు గ్రూపు వదిలి వెళ్ళారు. మన వాళ్ళు గెలవాలని అందరికీ ఉంటుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) అయినప్పుడూ, అక్కడే పుట్టిన గజాలా హాష్మీ మొన్న నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిచినప్పుడూ నేనూ సంతోషించాను. ఆ సంతోషం ఎవరింట్లో వాళ్ళు పడదాం, సంఘం లెటర్‌హెడ్ మీద వద్దు.

మే ఎన్నికల గురించి ఒక్క మాట. ఫ్రిస్కోలో ప్రదర్శన కళల కేంద్రం ప్రతిపాదనలు మే 3న ఓటర్ల ముందుకొచ్చి వీగిపోయాయి. అనుకూలమో వ్యతిరేకమో మీ ఇష్టం. కానీ ఏటా కూచిపూడి రంగప్రవేశాలకు హాలు దొరకట్లేదని నాతో మొరపెట్టుకునేవాళ్ళలో కొందరు ఆ రోజు ఎన్నిక ఉందనే సంగతి తర్వాత తెలిసిందన్నారు!

పౌరసత్వ తరగతులు

ఆదివారం తరగతులు ఆగకుండా నడిచాయి. అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు పరీక్ష మారింది. 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఇదివరకు 100లోంచి పదికి ఆరు చాలేవి. 50 ఏళ్ళు దాటి గ్రీన్ కార్డుతో 20 ఏళ్ళు ఉన్నవాళ్ళు, 55 దాటి 15 ఏళ్ళు ఉన్నవాళ్ళు తెలుగులోనే జవాబివ్వొచ్చు. మన తల్లిదండ్రుల్లో చాలామందికి కార్డు వచ్చి అయిదారేళ్ళే కాబట్టి ఇంగ్లీషులోనే చదివిస్తున్నాం. ఎలక్టోరల్ కాలేజీ (ప్రెసిడెంట్‌ను రాష్ట్రాల ప్రతినిధుల ఓట్లతో ఎన్నుకునే పద్ధతి) గురించి నేర్చుకున్న ఒక మామ్మగారు, "ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఓడిపోవడమేమిటి" అని వాదనకు దిగితే ఆ రోజు పాఠం అక్కడే ఆగింది. 2000లోనూ 2016లోనూ అదే జరిగిందని చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. పాఠం చెప్పే ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లకు, వాళ్ళను కార్లో తెచ్చి దింపే కోడళ్ళకు నమస్కారాలు.

లెక్కలు

కోశాధికారి గారు తయారుచేసి, ఆడిటర్ గారు చూసిన పట్టిక జతచేశాం. ఖర్చంతా హాలు అద్దె, ప్రింటింగు, టిఫిన్లదే. ప్రశ్నలుంటే సమావేశం తర్వాత కోశాధికారి గారిని అడగండి.

కృతజ్ఞతలు

అధ్యక్షులు గారికి, కార్యవర్గానికి, కరపత్రం అచ్చు ఖర్చు భరించి పేరు వద్దన్న సభ్యుడికి, పులిహోర పంపిన అక్కయ్యలకు, మైకు పెట్టిన తమ్ముడికి ధన్యవాదాలు. నవంబరులో విద్యార్థి ఎన్నికల క్లర్కులుగా పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచేసిన మన హైస్కూలు పిల్లలకు ప్రత్యేక అభినందనలు. 16 ఏళ్ళు నిండిన పౌరులెవరైనా ఇంట్లో వాళ్ళ అనుమతి, ప్రిన్సిపల్ అనుమతి ఉంటే ఈ పని చేయొచ్చు.

2026

మార్చి 3 ప్రైమరీ. నమోదుకు చివరి తేదీ ఫిబ్రవరి 2, ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 17 నుంచి 27 దాకా. ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే మే 26న రన్‌ఆఫ్. మధ్యలో మే 2న స్థానిక ఎన్నికలు. నవంబరు 3న గవర్నర్, సెనేటర్ పదవులు. కాంగ్రెస్ నియోజకవర్గాల మ్యాపును పోయిన ఆగస్టులో చట్టసభ మార్చింది. దాన్ని ఒక కోర్టు ఆపింది, డిసెంబరులో సుప్రీంకోర్టు వాడుకోనిచ్చింది. కాబట్టి మీ నియోజకవర్గం నంబరు మారిందేమో చూసుకోండి. 65 దాటిన పెద్దలు పోస్టులో ఓటేస్తే కవరు మీద లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలో తప్పక రాయాలి. 2022 ప్రైమరీలో పోస్టు బ్యాలెట్లలో దాదాపు 12 శాతం తిరస్కరించారు, ఎక్కువగా ఈ కారణానికే.

సమావేశం ముందు ఒక తీర్మానం ఉంచుతున్నాను: షిఫ్టుకు పేరిచ్చి చెప్పకుండా రెండుసార్లు రానివాళ్ళ పేరు జాబితాలోంచి తీసేసి, ఆ చోటు అడుగుతున్న కొత్త సభ్యులకు ఇవ్వాలి. ఉగాది మార్చి 19న. టేబుల్ షిఫ్టుల కాగితం తలుపు దగ్గర పెట్టాను, పెన్ను కూడా ఉంది.

ఇట్లు,
కార్యదర్శి, ఓటరు చైతన్య విభాగం