దిండు కింది పటాలను చెత్తలో వేయకండి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో ఇరవై తొమ్మిదేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పోయిన నెల మా అక్కకు ఆపరేషన్ అయితే తోడుగా ఒక ఆసుపత్రిలో వారం రోజులున్నాను. మూడో రోజు పొద్దున బెడ్‌షీట్లు మార్చారు. దిండు కింద అక్క పెట్టుకున్న పునీత (సెయింట్) అంతోనివారి పటం ఆ తర్వాత కనిపించలేదు. అడిగితే చెత్తలో పోయి ఉంటుందన్నారు. పసుపు కవర్లో పడ్డది కాల్చడానికే పోతుంది, ఆ సంగతి నాకు తెలుసు.

అరచేతిలో పట్టేంత కాగితం అది. బాలయేసును ఎత్తుకున్న అంతోనివారు, చేతిలో లిల్లీ పువ్వు. మడత పడ్డచోట రంగు పోయి తెల్లగీత తేలింది. నల్లగొండ మేత్రాసనం (బిషప్ కింది చర్చిల ప్రాంతం) ఏర్పడిన 1976లో ఒక సిస్టరమ్మ మా అమ్మకు ఇచ్చారు. వెనక ప్రార్థన కింద ఖాళీ జాగాలో అమ్మ పెన్సిల్‌తో మా నలుగురి పుట్టినరోజులు రాసుకుంది. బడిలో వేయించిన తేదీలు వేరు. అసలువి ఆ కాగితం మీదే ఉన్నాయి. ఏదన్నా పోతే దొరకాలని మేం అంతోనివారికే మొక్కుతాం. ఇప్పుడెవరికి మొక్కాలని అక్క ఏడ్చింది.

పక్క మంచంలో పాలకీడు వైపు పెద్దమ్మ ఉంది. జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కుకుంటే పుట్టాడని కొడుక్కి సైదులు అని పేరు పెట్టుకున్నదట. తన దగ్గరున్న ఆ దర్గా పటం తీసి, "ఏడ్వకు బిడ్డా, ఇది పెట్టుకో" అని అక్క చేతిలో పెట్టింది. అప్పటిదాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

నా సర్వీసులో ఇలాంటివి ఎన్నో చూశాను. థియేటర్‌లోకి పోయేముందు పుస్తెలతాడు తీసి ఇంటివాళ్లకిచ్చి, యాదగిరి నర్సన్న పటం మాత్రం నా చేతిలో పెట్టి, "సిస్టరూ, ఇది నీ దగ్గర్నే ఉంచు" అన్న తల్లులున్నారు. కోటు జేబులో పెట్టుకుని, తెలివి రాగానే తిరిగి ఇచ్చేదాన్ని. కళ్లు తెరిచి ముందు అదే అడిగేవాళ్లు.

ఫోన్లో ఫొటో పెట్టుకోవచ్చు కదా అన్నది వార్డులో ఒక అమ్మాయి. అమ్మ చేతిరాత ఫోన్లో ఎక్కడిది?

ఆసుపత్రుల వాళ్లకు నా విన్నపం ఒక్కటే. షీటు లాగేముందు దిండు ఎత్తి చూడమని ఆయమ్మలకు చెప్పండి. పటం దొరికితే చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి కేస్‌షీట్ ఫైల్లో పెట్టండి. డిశ్చార్జి రోజు రిపోర్టులతో పాటు ఇవ్వండి. మనిషి దక్కకపోతే ఇంటివాళ్ల చేతికివ్వండి.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నల్లగొండ