శీనుకు నాయన రాసిన జాబు

చి. శీనుకు,

నాయన దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాళ్ల నొప్పి అట్లే ఉంది.

మొన్న ఫోన్లో ఉపాధి హామీ జనాన్ని సోమరుల్ని చేసిందన్నావు. బర్రెకు నీళ్లు పెట్టాలని ఫోన్ పెట్టేసినా గానీ, ఆ మాట మనసులోనే ఉండిపోయింది. ఒకప్పుడు నేనూ అదే అంటాంటి.

2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశం మొత్తానికీ మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చిరి. నేనూ ట్రాక్టరెక్కి చూడను పోయినా. ఇంటికి ఏడాదికి వంద దినాల పని అని 2005లోనే చట్టం చేసినారు. అప్పట్లో మన శెనక్కాయ చేన్లో కలుపుకు ఆడోళ్లకు ముప్పై, మగోళ్లకు యాభై ఇస్తాంటిమి. పథకంలో ఆ తేడా లేదు, తవ్విన మట్టి కొలతే లెక్క. రెండేండ్లు తిరక్కుండానే ఆడోళ్లు "అక్కడంత ఇస్తేనే వస్తాం" అని గట్టు మీద కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. ఏం చేస్తా, ఇచ్చినా.

తర్వాత వాన పూర్తిగా ఎగ్గొట్టిన ఏడు నేనే ఆ పథకం పనికి పోయి గడ్డపార పట్టినా. నువ్వు హాస్టల్లో ఉంటివి, నీకు చెప్పలేదు. నా పక్కన తట్ట మోసింది ఎవరనుకున్నావు? గట్టు మీద అందరికంటే ముందు కూర్చున్న ఎల్లమ్మే. నన్ను చూసి నవ్వింది గానీ ఒక్క మాట అనలేదు. సుద్దనేల, గడ్డపార దిగదు. అరిచేతులు బొబ్బలెక్కినాక, కొలతలకు వచ్చినాయన టేపు పెట్టి అడుగు తక్కువుందన్నాడు. పదైదు దినాల్లో పడాల్సిన కూలి రెండు నెలలకు పడింది. దాన్ని సోమరితనమంటే ఎట్లరా?

2025 డిసెంబరులో చట్టం మార్చినారు. 125 దినాలంట, సంతోషమే. మునుపు కూలి డబ్బంతా కేంద్రమే ఇస్తాండె, ఇప్పుడు నూటికి నలభై రాష్ట్రం పెట్టుకోవాల. డబ్బు లేదని రాష్ట్రం చేతులెత్తేస్తే పనెక్కడిది? విత్తనం, కోతల కాలంలో అరవై దినాల దాకా పని ఆపొచ్చంట. అప్పట్లో నేను మొక్కుకున్నది సరిగ్గా అదే. ఇప్పుడు పేపర్లో చదివితే ఎల్లమ్మ గుర్తొచ్చింది. ఆ అరవై దినాలూ నేను ఎంతిస్తే అంతకే రావాల్సిందే గదా.

మీ వీధిలో కట్టే అపార్టుమెంటు కాడ కదిరోళ్లు పని చేస్తాండారన్నావే, వాళ్ల దినకూలి ఎంతో అడిగి చెప్పు. మేం తవ్విన కుంటలో ఇంకా మోకాలిలోతు నీళ్లుండాయి.

మీ నాయన