అమ్మ తుంటి విరిగినప్పుడు ఆదుకున్న మా చర్చివాళ్లకి కృతజ్ఞతలు

అందరికీ వందనాలు. "మీరిద్దరూ డ్యూటీలకి పోతారు కదా, అమెరికాలో అమ్మను ఎవరు చూసుకుంటున్నారు" అని ఇండియా నుంచి అడగని చుట్టం లేదు. డోర్నకల్, ఖమ్మం, బెజవాడ, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. చర్చివాళ్లకి ఇంగ్లీషులో వేరే ఉత్తరం ఇచ్చాను కానీ అందులో మర్యాద ఎక్కువై అసలు విషయం తగ్గింది.

జరిగింది మీకు తెలిసిందే. జనవరిలో ఇంటి మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంటే అమ్మ జారి పడింది, తుంటి విరిగింది, ఆపరేషన్ చేశారు. ఆసుపత్రి నుంచి చాలా త్వరగా ఇంటికి పంపేశారు. ఆ తర్వాత చేయించాల్సిన ఫిజియోథెరపీలో చాలా భాగం తమకి సంబంధం లేదని విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు తేల్చేశారు. ఆ గొడవ మళ్లీ ఎత్తను, బీపీ పెరుగుతుంది.

ఒహాయోలో మేము వెళ్లేది మా ఊరి ఎపిస్కోపల్ చర్చికి. మనవాళ్లలో చాలామందికి ఈ పేరు కొత్త. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి నుంచి వచ్చిన కుటుంబంలో అమెరికా శాఖ ఇది. మన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిస్తే ఏర్పడిందే కాబట్టి ఒక రకంగా దాయాదులం. అమ్మ పెరిగింది డోర్నకల్‌లో, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్యగారు కట్టించిన గుడి నీడలో. ఇక్కడి ఆరాధన క్రమం ఆవిడకి భాష తప్ప అంతా తెలిసినట్టే ఉంటుంది, ఎక్కడ లేవాలో ఎక్కడ మోకరించాలో మాకంటే ముందే కనిపెట్టేస్తుంది.

వీళ్ల 1979 ప్రార్థన పుస్తకం చివర్లో ప్రశ్నలూ జవాబులూ ఉంటాయి. సంఘంలో పరిచర్య చేసేవాళ్లు ఎవరు అన్న ప్రశ్నకి జవాబులో మొదట వచ్చేది మామూలు విశ్వాసులు, ఆ తర్వాతే బిషప్పులు, ప్రీస్టులు, డీకన్లు. రాసుకోవడం ఎవరైనా రాసుకుంటారు, నిజంగా ఆ వరుసలోనే మా ఇంటి తలుపు తట్టారు చూడండి, అది చెప్పాలి. మా రెక్టర్‌గారికి (అంటే మా చర్చి పెద్ద పాస్టరు, ఆవిడ మహిళ, "పాస్టరుగారు రాలేదా" అని అమ్మ ఆవిడనే అడిగింది, అది వేరే కథ) నేను ఆసుపత్రి నుంచి ఒక్క మెసేజ్ పెట్టాను, అంతే. ఆవిడ వచ్చి నూనె రాసి ప్రార్థన చేసి వెళ్లారు. ఆవిడ రాకముందే జూనియర్ వార్డెన్ ఫోన్ చేసి మా బాత్రూమ్ కొలతలు అడిగాడు. జూనియర్ వార్డెన్ అంటే చర్చి పాలకవర్గంలో ఒకడు, మా దగ్గర భవనం మరమ్మతులన్నీ ఆయన చూస్తాడు. శనివారం డ్రిల్ మెషీన్ పట్టుకొచ్చి టాయిలెట్ పక్కన, షవర్లో పట్టుకునే కడ్డీలు బిగించి, టీ కూడా తాగకుండా పోయాడు.

చర్చి బేస్‌మెంట్‌లో ఒక గది ఉంది. వాకర్లు, చక్రాల కుర్చీలు, స్నానానికి కూర్చునే స్టూళ్లు, టాయిలెట్ మీద పెట్టే ఎత్తు సీట్లు. కోలుకున్నవాళ్లు, పెద్దవాళ్లు పోయిన ఇళ్లవాళ్లు ఇచ్చేసినవి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు బాగా కిందికి వంగి కూర్చోకూడదు, ఆ ఎత్తు సీటు లేకపోతే ఇంటికి వచ్చిన మొదటి రాత్రే మా పని అయిపోయేది. ఆ గదికి తాళం ఒక రిటైర్డ్ నర్సు దగ్గర ఉంటుంది. ఆవిడ వాకర్ ఇచ్చి ఊరుకోలేదు, అమ్మ ఎత్తుకి సరిచేసి, వెనక కాళ్లకి టెన్నిస్ బంతులు తొడిగి, ఎలా తిరగాలో రెండు చేతులతో చూపించి మరీ వెళ్లింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఏ ఇబ్బందీ రాలేదు.

ఇక భోజనాల సంగతి. ఎవరు ఏ రోజు తెస్తారో ఆన్‌లైన్‌లో ఒక పట్టిక పెడతారు, ఖాళీ ఉన్న రోజు దగ్గర ఎవరి పేరు వాళ్లు రాసుకుంటారు. మొదట్లో అన్నీ చీజ్ వేసి ఓవెన్‌లో పెట్టిన మకరోనీలే, బంగాళదుంపలే. అమ్మ రెండు ముద్దలు తిని ఆవకాయ కోసం చూసేది. నేను ఎలా చెప్పాలా అని నలుగుతుంటే పట్టిక నడిపే అమ్మాయి తనే అడిగింది, "తినట్లేదు కదా, నిజం చెప్పండి" అని. మర్నాటి నుంచి పట్టికలో ఒక లైను చేరింది: ఉత్త అన్నం, ఉడకబెట్టిన కూరగాయలు, కోడి, చీజ్ వద్దు, కారం వాళ్లే వేసుకుంటారు. నేను రాత్రి వచ్చి తాలింపు పెడితే చాలు. ఆ ఒక్క లైనుకి ఎంత రుణపడ్డామో చెప్పలేను.

అమ్మకి మొదట్లో ఒకటి కష్టం అనిపించింది. వచ్చినవాళ్లెవరూ కూర్చోరు. మన దగ్గర మనిషి మంచాన పడితే సంఘంవాళ్లు వచ్చి సాయంత్రం దాకా ఉంటారు, పాటలు పాడతారు, కబుర్లు చెబుతారు, ఇంటివాళ్లు వాళ్లందరికీ టీలు పెట్టాలి. ఇక్కడ గిన్నె ఇచ్చి, చెయ్యి పట్టుకుని, ఇరవై నిమిషాల్లో లేచిపోతారు. "నా మీద ఇష్టం లేదేమో" అంది ఒకరోజు. నర్సమ్మని అడిగితే, రోగిని అలసిపోయేలా చేయకూడదని చూడ్డానికి వెళ్లేవాళ్లందరికీ ముందే నేర్పుతారట. నా మనసులో మాట చెప్పనా, రెండూ కావాలి. డోర్నకల్‌లో అయితే అమ్మకి ఒక్క క్షణం కూడా ఒంటరిగా అనిపించేది కాదు, కానీ బరువంతా స్త్రీల మైత్రిలో (చర్చి ఆడవాళ్ల సంఘంలో) ఉన్న ఆ నలుగురైదుగురు ఆడవాళ్ల మీదే పడేది, వాళ్లకి ఒంట్లో బాగోకపోతే ఎవరూ అడగరు. ఇక్కడ ఒకరు మంగళవారం మాత్రమే కారు నడుపుతారు, ఇంకొకరు మా బాబుని స్కూల్ నుంచి తెస్తారు, ఇంకొకరు సూప్ తప్ప ఇంకేమీ చేయరు. ఎవరి పని వాళ్లది, చిన్నదే, కాబట్టే నెలల తరబడి ఎవరూ విసుక్కోలేదు.

ఆదివారాలు చర్చికి రాలేకపోయింది కదా, ప్రభు భోజన సంస్కారమే ఇంటికి వచ్చేది. ఆరాధన అవగానే బలిపీఠం దగ్గర నుంచే రొట్టె, ద్రాక్షారసం చిన్న పెట్టెలో పెట్టి, బిషప్ అనుమతి ఉన్న విశ్వాసుల చేతికి ఇచ్చి, సంఘమంతా చూస్తుండగా పంపుతారు. మా ఇంటికి వచ్చేది ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్. ఆయన ఇంగ్లీషులో ప్రభువు ప్రార్థన చెబుతుంటే అమ్మ "పరలోకమందున్న మా తండ్రీ" అని పక్కనే గట్టిగా చెప్పేది, ఆయన అమ్మ ముగించేదాకా ఆగేవాడు. ఆరాధనలో రోగుల పేర్లు చదివే ఆవిడ కూడా, అమ్మ పేరు తప్పు పలకకూడదని శనివారం రాత్రి ఫోన్ చేసి నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. శాలువా అల్లి పంపినవాళ్లు వేరే. ప్రతి వరుసకీ ప్రార్థన చేస్తూ అల్లుతారట, ముదురు నీలం రంగు, అమ్మ విప్పట్లేదు.

డబ్బు విషయం కూడా రాస్తాను, దాచడానికేం లేదు. ఇక్కడి చర్చి నియమాల్లో ఒకటుంది, నెలకో ఆదివారం సంస్కారం సమయంలో ఫలానా దానికని రాయకుండా వేసిన కానుకలు, అవసరంలో ఉన్నవాళ్లకి వాడమని పాస్టరు చేతిలో పెట్టాలి. అందులోంచి అమ్మ ఫిజియోథెరపీకి కొంత సాయం అందింది. ఎంతో చెప్పను, మేము అడగలేదు, ఎవరికిచ్చారో రెక్టర్‌గారు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నది నేనే.

ఇప్పుడు అమ్మ కర్రతో నడుస్తోంది. ఆల్టర్ గిల్డ్ ఆడవాళ్లు బలిపీఠం గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేస్తారు. ద్రాక్షారసం పాత్ర తుడిచిన గుడ్డల మొదటి నీళ్లు డ్రైనేజీలోకి పోనివ్వరు, నేరుగా భూమిలోకి పోయే ప్రత్యేకమైన సింకులో పోస్తారు. ఆ పద్ధతి అమ్మకి భలే నచ్చింది. గురువారం వాళ్లతో కూర్చుని ఆ చిన్న గుడ్డల్ని అటు మూడు, ఇటు మూడు మడతలు పెట్టి, తొమ్మిది గళ్లు పడేలా ఇస్త్రీ చేస్తోంది, వాళ్ల మడతలు వంకరగా ఉన్నాయని నాతో తెలుగులో చెబుతోంది. గుమ్మం దగ్గర పేదల కోసం తిండి డబ్బాలు వేసే తొట్టి చూసి, "మన పిడికెడు బియ్యమే కదా" (వండేటప్పుడు చర్చికని గుప్పెడు బియ్యం పక్కన పెట్టడం) అని వారం వారం ఒక బియ్యం ప్యాకెట్ పట్టుకెళ్తోంది.

పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. తాళంచెవి నర్సమ్మ, డ్రిల్ మెషీన్ అన్న, పట్టిక అమ్మాయి, మంగళవారం కారు, సూప్ ఆంటీ, బస్సు డ్రైవర్ తాతగారు, ఇది ఎవరైనా మీకు చదివి వినిపిస్తే మీరే అని మీకు తెలుస్తుంది. చాలా చాలా థ్యాంక్స్ అండి.

ఈస్టర్ అయ్యాక అమ్మ ఇండియాకి తిరుగు ప్రయాణం. ఎత్తు సీటూ వాకరూ కడిగి బేస్‌మెంట్ గదికి చేర్చేశాం, ఎవరికైనా కావాలంటే నాకు చెప్పండి, మన చర్చివాళ్లే కానక్కర్లేదు. వెళ్లేలోపు ఒక ఆదివారం ఆరాధన తర్వాత కాఫీ దగ్గర పెసరట్లు పోస్తానని అమ్మ మాట ఇచ్చేసింది, నన్ను అడగకుండానే. చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు తప్పకుండా రండి. పెద్ద పెనం ఉన్నవాళ్లు తెస్తే మరీ మంచిది, అల్లం పచ్చడి మాత్రం వేరే గిన్నెలో, ఎర్ర చీటీ అంటించి పెడుతున్నాం.