ఫ్యాన్ తిరుగుతోంది అని నాకు ఇంకోసారి చెప్పకండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నా కారు రేడియేటర్ ఫ్యాన్ గురించి ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ వచ్చింది ఒకటే మెసేజ్: "మీ ఫిర్యాదు పరిష్కరించాం." ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? కారు ఈ రోజుకీ అలాగే వేడెక్కుతోంది.

మొదటి రోజు నుంచీ చెబుతున్నది ఒక్కటే. ఫ్యాన్ తక్కువ స్పీడులో తిరగడం లేదు. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఆగితే చల్లదనం పోతుంది, టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, బాగా వేడెక్కాక ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడులో హోరుమంటుంది. హైవే మీద ఎదురుగాలి ఉంటుంది కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

మొదటిసారి మీ మెకానిక్ ఫ్యాన్ హోరెత్తేదాకా ఆగి, "తిరుగుతోంది కదా సార్" అన్నాడు. రెండోసారి నన్ను అడగకుండానే కూలెంట్, థర్మోస్టాట్ మార్చి బిల్లు చేతిలో పెట్టారు. మూడోసారి మోటారు ప్లగ్ పీకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి, మోటారు బాగానే ఉందన్నారు. బాగుందని నేనూ అంటున్నాను! అలా చూస్తే తేలేది మోటారు సంగతి ఒక్కటే. దాని వెనకున్న రిలేలు అనే స్విచ్‌లు, కరెంటు తగ్గించే రెసిస్టర్, వైరింగ్ ఎవరు చూశారు?

మీరు వినకపోవడం వల్ల నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. నా కారులో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, మోటారుకి నేరుగా కరెంటివ్వదు, రిలేలను ఆన్ చేస్తుంది. మొదటి రిలే ఆన్ అయితే కరెంటు రెసిస్టర్ గుండా వెళ్లి ఫ్యాన్ నెమ్మదిగా తిరగాలి. వేడి ఇంకా పెరిగితే రెండో రిలే రెసిస్టర్‌తో పని లేకుండా బ్యాటరీ కరెంటు మొత్తం మోటారుకి ఇస్తుంది. రెసిస్టర్ కాలిపోతే మొదటి దారి తెగిపోతుంది, రెండోది పనిచేస్తూనే ఉంటుంది. నా కారులో జరుగుతున్నది అచ్చం ఇదే. ఈ మాట కౌంటర్ దగ్గర చెబితే సర్వీస్ అడ్వైజర్ ఫోన్లోంచి తలెత్తకుండా "నెట్‌లో చూసినవన్నీ నమ్మకండి" అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటోంది.

హెల్ప్‌లైన్‌కి చేస్తే ప్రతిసారీ కథంతా మొదటి నుంచి చెప్పాలి. చివరికి డీలర్‌ని అడగమంటారు. డీలరేమో కంపెనీని అడగమంటాడు. ఒకావిడ మాత్రం ఓపిగ్గా విని, సాయంత్రంలోగా ఇంజినీర్ ఫోన్ చేస్తారని మాటిచ్చారు. ఆ సాయంత్రమంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 11 రోజులైంది.

మా నాన్నగారు కొన్నది మీ కారే. నా మొదటి కారూ మీదే, ఇది రెండోది. ఇప్పుడు మా అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా రద్దీ లేని చుట్టుదారి వెతుక్కుంటున్నాను, రోడ్డు కంటే ఆ ముల్లునే ఎక్కువ చూస్తూ టెన్షన్‌తో నడుపుతున్నాను.

నాకు కూపన్లు వద్దు, ఉచిత వాషింగ్ వద్దు. వైరింగ్ డయాగ్రమ్ చదవగలిగిన మనిషి ఒకరు నా ఎదుటే ఆ రెసిస్టర్‌నీ రిలేలనీ మీటరుతో చూడాలి. అనవసరంగా మార్చినవాటికి కట్టిన డబ్బు నాకు తిరిగి రావాలి. వారంలోగా తన పేరు చెప్పి మాట్లాడే మనిషి నాకు ఫోన్ చేయకపోతే వినియోగదారుల కోర్టుకి వెళతాను. బిల్లులు, మెసేజ్‌లు, కాల్స్ చేసిన తేదీలు అన్నీ నా దగ్గరున్నాయి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్న కస్టమర్