ఆ ఫారం సంగతి, అమ్మలూ

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

అమ్మలూ,

ఆపరేషన్ అయిన ప్రతి బిడ్డకూ ఫారం నింపి, 30వ రోజున ఎలా ఉందో కూడా రాయమన్నారని మొన్న ఫోన్లో విసుక్కున్నావు చూడు, "ఆపరేషన్లూ మేమే చెయ్యాలి, గుమాస్తా పనీ మేమే చెయ్యాలా" అని, ఈ ఉత్తరం దాని గురించే. ఫోన్లో అయితే నేను అసలు విషయానికి వచ్చేసరికి నీకు ఐసీయూ నుంచి పిలుపొస్తుంది. కాగితం మీద నన్ను ఆపేవాళ్లు లేరు, మీ అమ్మ తప్ప.

పిల్లల గుండె ఆపరేషన్లు మొదలైన కొత్తలో ఎవరి తెగింపు వాళ్లది. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ పీడీఏను, అంటే పుట్టాక కూడా మూసుకోకుండా ఉండిపోయిన రక్తనాళాన్ని, మొదటిసారి కట్టినప్పుడు ఆయన పై సర్జన్ ఊళ్లోనే లేడు. 1954లో మినియాపొలిస్‌లో లిల్లెహై అనే సర్జన్ ఏం చేశాడో తెలుసుగా? తండ్రినో, తల్లినో, రక్తం సరిపోయిన ఇంకొకరినో పక్క బల్ల మీద పడుకోబెట్టి, వాళ్ల గుండెనూ ఊపిరితిత్తులనూ బిడ్డకు పంపుగా వాడాడు. అలా 45 మందికి చేస్తే 28 మంది బతికారు. ఆపరేషన్లలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం, అదే పంపు, పక్కనే కూర్చుని రిటైరైన నాకే ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

తెగింపుతో తేలనిది ఒకటుంది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు బోలెడు రకాలు. ఒక్కో రకం ఒక సర్జన్ చేతికి ఏడాదికి ఏ నాలుగైదో వస్తే గొప్ప. అంత కొద్ది కేసులతో ఏ పద్ధతి మంచిదో ఎలా తేలుతుంది? అందుకే 1970ల మొదట్లో అమెరికా, కెనడాల సర్జన్లు కొంతమంది కలిసి కంజెనిటల్ హార్ట్ సర్జన్స్ సొసైటీ పెట్టుకున్నారు.

ట్రాన్స్‌పొజిషన్, అంటే గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులు తారుమారైన లోపం, సంగతే తీసుకో. గుండె పై గదుల్లో రక్తం దారి మళ్లించే పాత సెన్నింగ్, మస్టర్డ్ పద్ధతుల్లో బిడ్డ బల్ల మీద నుంచి బాగానే లేచేది, కానీ ఏళ్లు గడిచాక కుడి జఠరిక అలిసిపోయేది. 1975లో బ్రెజిల్‌లో జటేన్ అనే సర్జన్ ధమనులనే మార్చి కుట్టి చూపించాడు, కానీ మొదట్లో అందులో చాలామంది పోయారు. జటేన్ పద్ధతిలో వెంటనే చనిపోయేవాళ్లు ఎక్కువా, పాత పద్ధతుల్లో ఇరవై ఏళ్లకు కూలబడేవాళ్లు ఎక్కువా? 1985 నుంచి ఆ సొసైటీ ఎన్నో ఆస్పత్రుల్లోని ట్రాన్స్‌పొజిషన్ పిల్లల్ని పుట్టిన వెంటనే నమోదు చేసి, వెంటపడి లెక్క కట్టింది. కర్క్‌లిన్, బ్లాక్‌స్టోన్ ఆ లెక్కల వెనకున్న మనుషులు. ఈ రోజు మీ సార్ కళ్లు మూసుకుని జటేన్ చేసిన ఆ ఆర్టీరియల్ స్విచ్చే అంటున్నాడంటే అలాంటి ఫారాలు ఎవరో ఓపిగ్గా నింపబట్టే.

తర్వాత పేర్ల గొడవ. ఒకే లోపాన్ని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో రాస్తే ఏం కూడుతావు? 2000లో అమెరికా, యూరప్ సర్జన్ల సంఘాలు కలిసి ఒకే పేర్ల పట్టిక అచ్చేశాయి. చివరికి చావు అంటే ఏమిటో కూడా రాసుకోవాల్సి వచ్చింది. ఆపరేషన్ అయిన ఆస్పత్రిలోనే ఉండి ఎన్నో రోజుకు పోయినా, ఇంటికెళ్లినా ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు పోయినా అది ఆపరేషన్ మరణమే. ఇది చాదస్తం అనుకోకు. నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకులే, రిజిస్టర్లో మరణాల కాలమ్ ఎప్పుడూ ఖాళీనే. ఇక లాభం లేదనుకున్న బిడ్డను "తల్లిదండ్రుల కోరికపై డిశ్చార్జి" అని రాసి అంబులెన్స్ ఎక్కించేవారు. పంపు నడిపినప్పుడు నేను రాసే పంప్ షీట్‌లో మాత్రం రక్తనాళానికి క్లాంప్ పెట్టిన నిమిషం, తీసిన నిమిషం, టెంపరేచరు అన్నీ ఉండేవి. ఆ బిడ్డ ఏమైందన్నదే ఎక్కడా ఉండేది కాదు.

ఇంగ్లండులో బ్రిస్టల్ కథ చదివే ఉంటావు. 1991 నుంచి 1995 దాకా అక్కడి ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లయిన ఏడాదిలోపు పిల్లలు ఉండాల్సినదానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువ చనిపోయారని 2001లో విచారణ నివేదిక తేల్చింది. ముందు గొంతెత్తింది ఒక మత్తు డాక్టరు, స్టీఫెన్ బోల్సిన్. సర్జన్ కాదు, గమనించు.

ఇక ప్రపంచంలోని పిల్లల గుండె సర్జన్లందరి వరల్డ్ సొసైటీ 2006లో పుట్టింది. పెట్టించినవాడు మాంట్రియల్ సర్జన్ చెర్వెన్‌కోవ్. కర్క్‌లిన్ ట్రాన్స్‌పొజిషన్ పేపర్లలో ఈయన పేరూ ఉంది. ప్రపంచంలో ఎక్కడ పుట్టిన బిడ్డకైనా గుండె వైద్యం అందాలన్నది వాళ్ల ఆశయం. మాట పెద్దదే. "ఎక్కడైనా" అన్నదాంట్లో పాడేరూ ఉంది మరి. ఒకప్పుడు మనవాళ్లు బిడ్డను ఒళ్లో పెట్టుకుని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పుట్టపర్తి వెళ్లేవారు, 1991లో అక్కడ ఉచిత ఆస్పత్రి వచ్చాక. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. 2021లో తిరుపతిలో పిల్లల గుండె ఆస్పత్రి తెరిచారు. దారులు పెరిగాయి, కానీ ఇంటికెళ్లాక ఆ పిల్లలు ఎలా ఉన్నారో చెప్పే లెక్క ఇంకా పలచనే.

అందుకే ఫారంలో 30వ రోజు గడి ఖాళీగా వదలకు. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ ఉండదు, నంబర్లు మారిపోతాయి. డిశ్చార్జి రోజునే తండ్రి నంబరుతో పాటు వాళ్ల ఊరి ఆశా వర్కర్ నంబరు, మేనమామదో కిరాణా కొట్టుదో ఇంకొకటి రాసుకో. మేనమామలు ఫోన్ ఎత్తుతారు, నా అనుభవం.

మీ అమ్మ ఆవకాయ సీసా పంపుతోంది, హాస్టల్లో అందరికీ పంచేయకు.

మీ నాన్న