పదిహేను వందలతో కిరాయి తీరలేదు: గృహనిర్మాణ మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

2020 లాక్‌డౌన్ మాట వస్తే తెల్ల కార్డు కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చామని సర్కారు వాళ్లు చెబుతారు. నిజమే, దాంతో పొయ్యి వెలిగింది. కానీ కిరాయి ఇల్లు నిలిచిందా? బోరబండ, జగద్గిరిగుట్టల్లో అప్పుడు రెండు గదుల పోర్షన్‌కే ఐదారు వేలు. పదిహేను వందలు చేతికొస్తే ముందు కూరగాయలు, మందులు కొంటారు. ఓనర్‌కు ఏం మిగులుతుంది?

పైగా ఆ డబ్బు కార్డును చూసి వచ్చింది, కిరాయిని చూసి కాదు. సొంతిల్లు ఉన్నవాళ్లకూ అంతే, లేనివాళ్లకూ అంతే. కార్డు పాలమూరులో అత్తమ్మ పేరు మీద, కాపురం యూసుఫ్‌గూడలో ఉంటే డబ్బు ఊళ్లోనే పడింది.

మార్చి, ఏప్రిల్, మే కిరాయిలు అప్పుడే అడగొద్దని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలని కూడా ఆదేశించారు. ఉద్దేశం మంచిదే. అయితే వాయిదా వేస్తే బాకీ పోదు కదా! పనులు సరిగా మొదలుకాని ఆటో డ్రైవర్ నెత్తిన జూన్‌కల్లా మూడు నెలల బాకీ కూర్చుంది. ఓనర్ సతాయిస్తే 100కు ఫోన్ చేయమన్నారు. పై అంతస్తులో ఉండే మనిషి మీద పోలీసులకు చెప్పి, పొద్దున్నే అదే మెట్ల దగ్గర ఆయనకు ఎదురుపడాలి. ఎవరు చేస్తారు? మా బస్తీల్లో ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు దాకా పోరు. నీళ్ల మోటారు ఆగుతుంది. "మా చుట్టాలొస్తున్నారు, నెలాఖరుకు వేరే ఇల్లు చూసుకోండి" అంటారు. ఇది ఏ లెక్కలోకీ రాదు.

ఓనర్లంతా చెడ్డవాళ్లని అనడం లేదు. రిటైరైన గుమాస్తాకు కింది పోర్షన్ కిరాయే పింఛను. ఆయనకూ మూడు నెలలు రాబడి ఆగింది.

అమెరికాలో ఆ ఏడాది వయోజనులకు తలా 1,200 డాలర్ల దాకా ఇచ్చారు. అది చాలక, కిరాయి సాయం కోసమే విడిగా సుమారు 4,600 కోట్ల డాలర్లు పెట్టారు. చాలాచోట్ల ఆ డబ్బు నేరుగా ఓనర్‌కే వెళ్లింది. దరఖాస్తుల తతంగంతో మొదట్లో బాగా ఆలస్యమైంది, ఆ తప్పు మనకొద్దు.

ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలిస్తున్నారు, తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికి. జాగా లేని కిరాయిదారు సంగతేంటి? వరదో, ఇంకో మహమ్మారో వచ్చి పనులు ఆగితే, ఇంటి ఖర్చులకిచ్చే డబ్బు కాక, సగం కిరాయి ఓనర్ ఖాతాలో వేయండి. ఆ నెలల్లో ఖాళీ చేయించనని ఆయనతో సంతకం తీసుకోండి. మాలో చాలామందికి అగ్రిమెంట్ ఉండదు, కాబట్టి కరెంటు మీటర్ నంబరు, ఆధార్ చాలనాలి. ఇంకొకటి, ఈ వివరాలతో ఇంటి పన్ను పెంచబోమని రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే ఏ ఓనరూ సంతకం పెట్టడు.

ఇట్లు,
హైదరాబాద్‌లో ఒక కిరాయిదారు